తీగ చుట్ట మీది ట్యాగు: ఒక బోల్టుల ఫ్యాక్టరీ, యూరప్ కార్బన్ సుంకం

2024 ఆగస్టు రెండో వారంలో హైదరాబాద్ శివారు పారిశ్రామికవాడ నుంచి ఒక బోల్టుల ఫ్యాక్టరీ యజమాని ఫోన్ చేశారు. "సార్, జర్మనీ పార్టీ ఒక ఎక్సెల్ పంపాడు. అది నింపి ఇవ్వకపోతే తర్వాతి కంటైనర్ ఆర్డర్ ఆపేస్తాడట. మా ఆడిటర్‌కి చూపిస్తే ఇది జీఎస్టీ వ్యవహారం కాదన్నారు. మీరొకసారి వచ్చి చూడండి."

నేను ఎనర్జీ ఆడిటర్‌ని. కరెంటు బిల్లు తగ్గించడానికో, ఫర్నేస్ ఎందుకింత గ్యాస్ తాగుతోందో చూడడానికో నన్ను పిలుస్తుంటారు. ఎగుమతి ఆగిపోతుందన్న టెన్షన్‌తో పిలిచింది ఆయనే మొదటివారు. అరవై మంది పనివాళ్లు, నెలకు వంద టన్నుల బోల్టులు. అందులో సుమారు ఒక కంటైనర్ సరుకు యూరప్ వెళ్తుంది. ఆ కంటైనర్ మీద వచ్చే డబ్బుతోనే బ్యాంకు వాయిదాలు నడుస్తున్నాయి.

ఆ ఎక్సెల్ యూరోపియన్ కమిషన్ తయారు చేసిన నమూనా పత్రం. మన ఎగుమతిదారుల నోట 'సీబ్యామ్' అని నలుగుతున్న కార్బన్ సరిహద్దు సర్దుబాటు విధానం కోసం దాన్ని నింపాలి. సరుకు తయారీలో ఎంత కార్బన్ డయాక్సైడ్ వెలువడిందో చూసి, దాన్ని బట్టి దిగుమతి మీద యూరప్ వేసే సుంకం ఇది. చట్టం 2023 మేలో అమల్లోకి వచ్చింది. ఇనుము-ఉక్కు, అల్యూమినియం, సిమెంటు, ఎరువులు, హైడ్రోజన్, విద్యుత్తు దీని కిందికి వస్తాయి. బోల్టులు, నట్లు, స్క్రూలు వచ్చే 7318 కస్టమ్స్ కోడ్ కూడా ఆ జాబితాలో ఉంది. 2023 అక్టోబర్ 1 నుంచి 2025 డిసెంబర్ 31 దాకా దిగుమతిదారు మూడు నెలలకోసారి లెక్క మాత్రం చెప్పాలి, డబ్బు కట్టనక్కర్లేదు. 2026 జనవరి 1 నుంచి వచ్చే సరుకుకి డబ్బు కట్టాలి.

ఆగస్టులోనే ఫోన్ రావడానికి కారణం ఉంది. 2024 జూలై 31 వరకు ఇచ్చే నివేదికల్లో కమిషన్ ప్రకటించిన సగటు అంకెలు రాసుకుంటే సరిపోయేది. ఆ తర్వాత మొత్తం ఉద్గారాల్లో 20 శాతానికి మించి అంచనా అంకెలు వాడకూడదు. మిగతాదంతా అసలు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన లెక్కే అయి ఉండాలి. అందుకే జర్మనీ కొనుగోలుదారు ఇక్కడికి రాశాడు.

మొదటి రోజు యజమాని మిల్లు నుంచి వచ్చిన టెస్ట్ సర్టిఫికెట్ నా ముందు పెట్టి అడిగారు: "ఇందులో కార్బన్ 0.21 అని ఉంది కదా సార్, అదే రాసేద్దామా?" అది ఉక్కులో కలిసిన కార్బన్ శాతం. వీళ్ల బోల్టులకు వాడే 10బి21 రకం ఉక్కుకి అంతే ఉండాలి. వాళ్లు అడుగుతున్నది ఆ ఉక్కు తయారయ్యేటప్పుడు గాలిలోకి పోయిన కార్బన్ డయాక్సైడ్. ముప్ఫై ఏళ్లుగా బోల్టులు చేస్తున్న మనిషికి ఆ పత్రంలోని భాష ఎంత పరాయిదో నాకు అప్పుడే తెలిసింది. ఎక్కడా ఒక్క ముక్క తెలుగులో గానీ హిందీలో గానీ లేదు.

ఫ్యాక్టరీ లోపలి లెక్క

ఇది తేలికగానే తేలింది. తీగ చుట్ట రాగానే యాసిడ్ తొట్టెలో ముంచి తుప్పు, పొలుసు తీస్తారు. ఫాస్ఫేటింగ్ చేసి, డై గుండా లాగి సన్నబరుస్తారు. హెడ్డర్ మెషిన్ తీగను ముక్కలుగా కోసి తల కొడుతుంది. థ్రెడ్ రోలింగ్‌లో మర పడుతుంది. తర్వాత ఫర్నేస్‌లో కాల్చి నూనెలో ముంచుతారు, మళ్లీ టెంపరింగ్. జింక్ ప్లేటింగ్ బయట జాబ్ వర్క్‌కి ఇస్తారు.

ఫర్నేస్‌కి నెలకు ఐదున్నర టన్నుల ఎల్‌పీజీ. కిలో ఎల్‌పీజీ కాలితే దాదాపు మూడు కిలోల కార్బన్ డయాక్సైడ్. వంద టన్నుల బోల్టుల మీద పంచితే టన్నుకి 0.16 టన్ను. జనరేటర్ డీజిల్ కలిపితే 0.17 పైన కొంచెం. సిలిండర్ల బిల్లులు, డీజిల్ రిజిస్టర్, మీటర్ రీడింగులు అన్నీ ఉన్నాయి. రెండు రోజుల్లో ఆ భాగం ముగిసింది.

అసలు భారం తీగలో ఉంది. విశాఖ ఉక్కు కర్మాగారం దగ్గర పెరిగినవాళ్లకు దీన్ని వివరించనక్కర్లేదు. కోక్ ఓవెన్లు, బ్లాస్ట్ ఫర్నేస్, ఎల్‌డీ కన్వర్టర్, చివర్న రాడ్ మిల్లు. ఆ దారిలో ఉక్కు చేస్తే ప్రపంచ సగటున టన్నుకి 2.3 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. మన దేశంలో అన్ని దారులూ కలిపి సగటు 2.5 పైనే అని ఉక్కు మంత్రిత్వ శాఖ చెబుతుంది. అంటే ఈ ఫ్యాక్టరీలో పగలూ రాత్రీ కాలే ఫర్నేస్ వాటా మొత్తంలో పదిహేనో వంతు. మిగతా పద్నాలుగు వంతులు గేటు దాటి లోపలికి రాకముందే తీగకు అంటి ఉన్నాయి.

ఆ తీగ ఏ మిల్లుది? ఈ ప్రశ్న దగ్గర మేం రెండు నెలలు ఆగిపోయాం.

ట్యాగులు పడేసే డ్రమ్ము

ప్రతి తీగ చుట్టకూ అరచేతి సైజు ట్యాగు కట్టి వస్తుంది. దాని మీద మిల్లు గుర్తు, గ్రేడ్, సైజు, బరువు, హీట్ నంబర్ ఉంటాయి. ఒక్కసారి కరిగించిన ఉక్కుకి ఇచ్చే నంబరే హీట్ నంబర్. ఆ చుట్ట ఏ ఫర్నేస్‌లో ఏ రోజు పుట్టిందో దాన్ని బట్టి చెప్పొచ్చు.

స్టోర్స్ చూసుకునే అన్న చుట్ట యాసిడ్ తొట్టెకి వెళ్లేముందు ట్యాగు కట్టర్‌తో కత్తిరించి స్క్రాప్ డ్రమ్ములో వేస్తాడు. ట్యాగుతో ముంచితే తొట్టెలో చెత్త చేరుతుందని ఎవరో ఎప్పుడో చెప్పారట, అది నిజమే. ఆ డ్రమ్ము పదిహేను రోజులకోసారి తుక్కు వ్యాపారికి పోతుంది. దాంతోపాటు చుట్ట పుట్టుక కూడా పోతుంది.

ఆ రోజు డ్రమ్ము బోర్లించి ట్యాగులన్నీ సిమెంటు గచ్చు మీద పరిచాం. డెబ్బై దాకా ఉన్నాయి. సగం పైగా ఒకే పెద్ద మిల్లువి. కొన్ని వేరే రాష్ట్రంలోని రీ-రోలింగ్ మిల్లువి. పన్నెండింటి మీద మిల్లు గుర్తే లేదు, డీలర్ చేతిరాత మాత్రమే ఉంది. యజమాని ఆ పన్నెండూ చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు. డీలర్ అన్నీ ఒకే మిల్లు సరుకని చెప్పి ఒకే రేటుకి ఇస్తున్నాడట.

మర్నాటి నుంచి ట్యాగు కత్తిరించగానే లాట్ కార్డుకి పిన్ చేయాలన్నాం. హెడ్డర్ దగ్గర, ఫర్నేస్ దగ్గర, ప్యాకింగ్ దగ్గర అదే కార్డు వెంట నడవాలి. ఈ కేసులో నేను చెప్పిన సలహాలన్నిట్లో ఖర్చు లేనిది ఇదొక్కటే. అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చింది కూడా ఇదే.

మిల్లు తలుపు తట్టడం

ట్యాగు దొరికితే సగం పనే అయినట్టు. ఆ హీట్‌కి టన్నుకి ఎంత ఉద్గారమో మిల్లు చెప్పాలి. పెద్ద మిల్లుకి రాశాం, జవాబు లేదు. డీలర్ ద్వారా అడిగాం. "నెలకు వంద టన్నులు కొనేవాళ్లకు ఇవన్నీ ఇస్తూ కూర్చోలేం" అన్న మాట డీలర్ నోటి నుంచే వచ్చింది. చివరికి వాళ్ల వార్షిక నివేదికలోని కంపెనీ సగటు అంకె పంపారు. సీబ్యామ్‌కి కంపెనీ సగటు పనికిరాదు, ఆ సరుకు చేసిన ప్లాంటు అంకె కావాలి. మళ్లీ రాశాం. ఆరు వారాల తర్వాత, అదే మిల్లు నుంచి నేరుగా కొనే ఒక పెద్ద ఆటో విడిభాగాల కంపెనీ అడిగిందని తెలిశాక, సంతకం చేసిన పత్రం మాకూ ఒక కాపీ వచ్చింది. 2.3కి దగ్గరగా ఉంది.

ఈ విధానంలో నాకు అన్నిటికన్నా అన్యాయంగా కనిపించేది ఇదే. పన్ను చిన్నవాడి బోల్టు మీద పడుతుంది. దాన్ని తేల్చే అంకె పెద్దవాడి దగ్గర ఉంటుంది. ఆ అంకె ఇవ్వాలని మన దగ్గర మిల్లుని బలవంతపెట్టే నియమం ఏదీ లేదు. ప్రతి హీట్‌కీ కార్బన్, మాంగనీస్, ఫాస్ఫరస్, సల్ఫర్ ఎంతెంత ఉన్నాయో రాసి సర్టిఫికెట్ ఇస్తూనే ఉన్నారు. అందులోనే ఇంకో గీత కొట్టి ఉద్గారాల అంకె కూడా రాయమనడం పెద్ద కోరిక కాదు. 2024 డిసెంబర్‌లో కేంద్రం హరిత ఉక్కుకి నిర్వచనం ఇచ్చింది. టన్నుకి 2.2 టన్నుల లోపు ఉంటే మూడు నక్షత్రాల నుంచి ఐదు నక్షత్రాల దాకా రేటింగ్. అంటే కొలిచే పద్ధతి మనకూ ఉంది. కొలిచిన అంకె కొనేవాడికి చేరే దారి లేదు.

నేను తప్పు చదివిన చోట

వంద టన్నుల బోల్టులకు 109 టన్నుల తీగ పడుతోంది. చుట్ట కొసలు, సెట్టింగ్ ముక్కలు, హెక్స్ తల ట్రిమ్ చేసినప్పుడు రాలే రింగులు అన్నీ తుక్కు. ఆ తొమ్మిది టన్నులు బోల్టుగా మారకపోయినా వాటి ఉద్గారాలు బోల్టు లెక్కలోకే వస్తాయి. 2.3ని 1.09తో హెచ్చిస్తే 2.51. ఫ్యాక్టరీ సొంత 0.17 కలిపితే టన్ను బోల్టుకి 2.68.

ఇక డబ్బు. సీబ్యామ్ మెల్లగా పెరుగుతుందని, 2026లో 2.5 శాతం, 2027లో 5, 2028లో 10, 2030లో 48.5, 2034కి నూరు శాతం అన్న వరుస అందరికీ కంఠస్థం. నేనూ మొదట 2.68లో రెండున్నర శాతం తీసి, టన్ను కార్బన్ ధర 75 యూరోలు అనుకుని, టన్ను బోల్టుకి ఐదు యూరోలని యజమానికి చెప్పాను. కిలోకి అర్ధరూపాయి. ఆయన ఊపిరి పీల్చుకున్నారు.

అది తప్పు. ఆ 2.5 శాతం మన ఉద్గారాల మీద పడేది కాదు. యూరప్ మిల్లులు తమ ఉద్గారాలకు అనుమతులు కొనాలి, వాటిలో కొన్ని ఉచితంగా ఇస్తారు. ఆ ఉచిత కోటాలో ఆ ఏడాది కోత పడేది అంత. ఉచిత కోటాకి, టన్ను సరుకుకి ఇంత ఉద్గారమని ఒక ప్రామాణిక అంకె ఉంటుంది. 2026లో ఆ ప్రామాణికంలో 97.5 శాతం వరకే మనకూ మినహాయింపు, దాని పైనున్న ప్రతి కిలోకీ మొదటి ఏడాది నుంచే పూర్తి ధర. ప్రామాణికం 1.5 అనుకుంటే మినహాయింపు 1.46. మన 2.68లోంచి అది తీసేస్తే 1.22 మిగులుతుంది. 75 యూరోల చొప్పున టన్నుకి 91 యూరోలు. కిలోకి అర్ధరూపాయి కాస్తా తొమ్మిది రూపాయలైంది.

ఈ తేడా తెలిసిన రోజు సాయంత్రమే వెళ్లి యజమానికి నేరుగా చెప్పాను. నా వృత్తిలో అంత బరువైన మాట ఎప్పుడూ చెప్పలేదు. ఆయన కోప్పడలేదు. "మొత్తం ఎవరు కడతారండీ?" అని అడిగారు. చట్ట ప్రకారం కట్టాల్సింది దిగుమతిదారు. ఆ డబ్బు కట్టడమంటే ఉద్గారాలకు సరిపడా సీబ్యామ్ సర్టిఫికెట్లు కొనడం. 2026 సరుకుకి వాటి అమ్మకం 2027 ఫిబ్రవరిలో మొదలవుతుంది, లెక్క అప్పజెప్పడానికి 2027 సెప్టెంబర్ 30 గడువు. కానీ కొనేవాడు ఆ మొత్తాన్ని రేటు మాట్లాడేటప్పుడే మన మీద వేస్తాడు, వేశాడు కూడా.

అసలు అంకె ఇవ్వలేనివాళ్ల సంగతి ఇంకా కష్టం. వాళ్లకు కమిషన్ నిర్ణయించిన అంకె వర్తిస్తుంది, దాని మీద 2026లో 10 శాతం, 2027లో 20, ఆ తర్వాత 30 శాతం అదనం. అసలు అంకె ఇచ్చేవాళ్లు గుర్తింపు ఉన్న తనిఖీదారుతో ధ్రువీకరించుకోవాలి. ఆ ఫీజు నెలకు వెయ్యి టన్నులు పంపేవాడికీ, పాతిక టన్నులు పంపేవాడికీ పెద్ద తేడా ఉండదు. ఏడాదికి 50 టన్నుల లోపు తెప్పించుకునే దిగుమతిదారులకు 2025లో మినహాయింపు ఇచ్చారు. మా ఫ్యాక్టరీకి నెదర్లాండ్స్‌లో ఉన్న చిన్న కొనుగోలుదారు దాంతో బయటపడ్డాడు. జర్మనీ పార్టీ పడలేదు.

ఇదే సమయంలో అమెరికా దారి కూడా ఇరుకైంది. 2025 మార్చిలో ఉక్కు మీద 25 శాతం, జూన్ 4 నుంచి 50 శాతం సుంకం. బోల్టులకూ పడింది. ఈ రెండు సుంకాలనూ ఒక్క గాటన కట్టకూడదని నేను యజమానికీ చెప్పాను, చదివేవాళ్లకూ చెబుతాను. అమెరికా సుంకానికి మీరు ఉక్కు ఎలా చేశారన్న ప్రశ్నే లేదు, పొగ తగ్గించినా పెంచినా సగం ధర కట్టాల్సిందే. యూరప్ సుంకంలో కనీసం తగ్గించుకునే దారి ఉంది. ఎంత కటువుగా ఉన్నా అది ఒక ప్రశ్న అడుగుతోంది, జవాబు మారితే మొత్తం మారుతుంది.

తుక్కు తీగతో ప్రయోగం

ఆ దారి వెతుకుతూ తుక్కు కరిగించి చేసే ఇండక్షన్ ఫర్నేస్ ఉక్కు వైపు చూశాం. సీబ్యామ్‌లో తుక్కుకి ఉద్గారం సున్నా. డబ్బు కట్టే దశలో ఉక్కుకి నేరుగా కాలిన ఇంధనమే లెక్క, కరెంటు లెక్కలోకి రాదు. అంటే తుక్కు కరిగించే మిల్లు అంకె కాగితం మీద చాలా చిన్నదిగా కనిపిస్తుంది.

ఇక్కడ నా మనసు ఒప్పుకోలేదు. ఆ ఫర్నేస్‌ని నడిపే కరెంటు ఎక్కడిది? రామగుండంలో కాలే సింగరేణి బొగ్గుది. మన గ్రిడ్‌లో యూనిట్ కరెంటుకి ఏడు వందల గ్రాముల పైచిలుకు కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ఆ పొగ రామగుండం ఆకాశంలో ఉంది, బ్రస్సెల్స్ లెక్కలో లేదు. అయినా ఫ్యాక్టరీ నిలబడాలి కాబట్టి రెండు టన్నుల తీగ తెప్పించాం.

హెడ్డర్ ఆపరేటర్ మొదటి బుట్టలోంచి ఒక బోల్టు తీసి, నూనె తుడిచి, తల అంచుని బొటనవేలి గోరుతో గీసి చూపించాడు. వెంట్రుకంత పగులు. బుట్టలో పదింటికి రెండు మూడు అలాగే ఉన్నాయి. తుక్కులో కలిసి వచ్చే రాగి, తగరం పూర్తిగా పోవు, తీగని చల్లగా ఉండగానే కొట్టి తల చేస్తే అక్కడ చీలుతుంది. 8.8, 10.9 గ్రేడ్ అంటే ఎక్కువ బలం ఉండాల్సిన బోల్టులు, గాలిమరకో లారీ చక్రానికో బిగిస్తారు. యజమాని ఆ లాట్ మొత్తం పక్కన పెట్టించారు. శుభ్రంగా వేరుచేసిన తుక్కుతో, మంచి రిఫైనింగ్‌తో ఇలాంటి తీగ చేసే మిల్లులు ఉన్నాయి. మాకు అందుబాటు ధరలో దొరకలేదు.

చివరికి ఫలితం ఇచ్చింది మా ఫ్యాక్టరీలోనే తీగ తుక్కుగా పోవడాన్ని తగ్గించడం. ట్రిమ్మింగ్ డైలు మార్చి, చుట్ట కొసలను వెల్డ్ చేసి కలిపి, సెట్టింగ్ ముక్కలు తగ్గించి 109ని 106కి తెచ్చారు. దాంతో టన్ను బోల్టుకి 0.07 టన్ను తగ్గింది. ఫర్నేస్‌లో పది శాతం గ్యాస్ ఆదా చేసినా దక్కేది అందులో నాలుగో వంతే. గ్యాస్ ఆదా చేయించడమే పనిగా పెట్టుకున్న నాకు ఈ అంకె కొత్త పాఠం.

యాసిడ్ తొట్టె వెనకాల గోడ

ఎక్సెల్‌లో ఎక్కడా లేని ఒక విషయం రాయకుండా ఈ కేసు ముగించలేను. తీగను యాసిడ్‌లో ముంచే పిక్లింగ్ షెడ్ వెనకాల గోడ అడుగున మోకాలి ఎత్తు వరకు సిమెంటు ఊడి ఇటుకలు పిండిగా రాలుతున్నాయి. పాత యాసిడ్ తొట్టె ఏళ్ల తరబడి కారింది. గోడ అవతల ఖాళీ స్థలం, దాని తర్వాత ఇళ్లు. ఒక బోరింగు కూడా ఉంది. అందులో నీళ్లు పసుపు పచ్చగా వస్తాయని, బట్టలు ఉతకడానికి కూడా వాడట్లేదని అక్కడి ఆడవాళ్లు చెప్పారు.

యూరప్ పత్రంలో ఈ యాసిడ్‌కి గడి లేదు. అడిగింది కార్బన్ డయాక్సైడ్ ఒక్కటే. హైదరాబాద్ చుట్టుపక్కల పారిశ్రామిక కాలుష్యం అంటే మాకు మొదట గుర్తొచ్చేది నీళ్లు. పటాన్‌చెరు, బొల్లారం ఫ్యాక్టరీల వ్యర్థాలతో నక్కవాగు పాడైందని 1990లోనే సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. పటాన్‌చెరు డాక్టర్ కిషన్‌రావు గారు తన దగ్గరికి వచ్చే రోగులను చూసి ఏళ్ల తరబడి పోరాడారు. ఆ పల్లెల రైతులు అడిగింది తాగడానికి, పొలానికి నీళ్లు. సరిహద్దు సుంకం ఆ ప్రశ్న అడగదు.

అడిగించవచ్చు కూడా. 2006 జూలై నుంచి ఎలక్ట్రానిక్ వస్తువుల్లో, 2007 జూలై నుంచి వాహనాల్లో ఆరు వేలెన్సీల క్రోమియం వాడకాన్ని యూరప్ కట్టడి చేసింది. ఆ ఆర్డర్ల కోసం మన ప్లేటింగ్ షాపులు కూడా ఆ క్రోమియంతో జింక్ పూత మీద వేసే పసుపు పొర (పాసివేషన్) వదిలి తక్కువ విషపూరితమైన మూడు వేలెన్సీల క్రోమియానికి మారాయి. తొట్టె పక్కన నిలబడే పనివాడి ఊపిరికి అది నేరుగా మేలు చేసింది. కొనేవాడి షరతు ఇక్కడి నేలకి ఉపయోగపడటం నేను కళ్లారా చూశాను కాబట్టే, సీబ్యామ్‌ని పూర్తిగా తిట్టిపోయలేను.

కానీ దాని డబ్బు యూరప్ ఖజానాకు పోవడం మింగుడుపడదు. మన తలసరి ఉద్గారాలు వాళ్ల తలసరిలో సగం కూడా లేవు. ఇక్కడ కట్టిన కార్బన్ ధరను మినహాయిస్తామని చట్టంలోనే ఉంది, అయితే మనం ఇక్కడ ఏం కడుతున్నాం? 2010లో టన్ను బొగ్గు మీద 50 రూపాయలతో మొదలైన సెస్సు 2016కి 400 అయింది. 2025 సెప్టెంబర్‌లో దాన్ని తీసేసి బొగ్గుని 18 శాతం జీఎస్టీలోకి మార్చారు. ఆ 400 రూపాయలను కార్బన్ ధరగా గుర్తించమని వాదించడానికి మనకొక ఆధారం ఉండేది. యూరప్ సుంకం లెక్క మొదలయ్యే మూడు నెలల ముందే దాన్ని వదులుకున్నాం. 2023 జూన్‌లో నోటిఫై చేసిన కార్బన్ క్రెడిట్ ట్రేడింగ్ పథకం గట్టిగా నడిచి, మిల్లు దగ్గరే ధర పడితే, ఆ డబ్బు ఇక్కడే ఉంటుంది. అందులో కొంత ఆ గోడ అవతలి బోరింగుకి కూడా చేరాలని నా కోరిక.

యజమాని సీబ్యామ్ కోసం పక్కన పెట్టిన డబ్బులోంచే యాసిడ్ తొట్టెకి కొత్త లైనింగ్ వేయించారు. వాడేసిన యాసిడ్ ఇప్పుడు ట్యాంకర్‌లో దుండిగల్ ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి వెళ్తోంది. ఎవరూ అడగకుండానే చేశారు. బోరింగు నీళ్లు మాత్రం ఇంకా పసుపుగానే ఉన్నాయి.

2026 జనవరిలో వెళ్లినప్పుడు జర్మనీ ఆర్డర్ నడుస్తోంది. కిలోకి నాలుగు రూపాయలు యజమాని భరిస్తున్నారు, మిగతాది కొనేవాడు. ఆ పన్నెండు ట్యాగుల డీలర్‌ని మానేశారు. స్టోర్స్ గోడకి వరసగా మేకులు కొట్టి ఉన్నాయి, ఒక్కో మేకుకి ఒక్కో నెల ట్యాగులు. అన్న ఒక కొత్త చుట్ట ట్యాగు కత్తిరించి, హీట్ నంబర్ లాట్ కార్డు మీద రాసి, నాకు మిల్లు సర్టిఫికెట్ అందించాడు. కార్బన్, మాంగనీస్, ఫాస్ఫరస్, సల్ఫర్, బోరాన్. ఉద్గారాల గీత ఇంకా రాలేదు. ఆ హీట్‌కి అంకె కోసం నేను అక్కడే నిలబడి మిల్లుకి మళ్లీ మెయిల్ పెట్టాను.